తాళం లెక్కతో పత్తి–పట్టు చీర: గీత దగ్గర నుంచి మగ్గం దాకా

నాట్యం స్ఫూర్తితో చీర అనగానే ఎక్కువమంది ఒకే దారిలో వెళ్తారు. కొంగు మీద నర్తకి బొమ్మ, అంచులో గజ్జెలు, బుటాలుగా హస్త ముద్రలు. చూడటానికి బాగానే ఉంటాయి, కానీ వాటిలో నాట్యం బొమ్మగా ఉంటుంది తప్ప లయ ఉండదు. లయ అంటే లెక్క కదా, మగ్గం కూడా నడిచేది లెక్క మీదే. ఎన్ని పోగులకి ఏ నాడె (అడ్డపు నూలుని అటూ ఇటూ నడిపే పనిముట్టు) మార్చాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ మళ్ళీ మొదలుపెట్టాలి అనేదే నేత. కాబట్టి బొమ్మ ఒక్కటి కూడా లేకుండా, రెండు మూడు రకాల నూలు మార్చుకుంటూ ఒక తాళాన్ని చీర పొడవునా నేయించవచ్చు. ఈ పద్ధతి మొత్తం చెప్తాను. మీరు డిజైన్ చదువుకున్నవాళ్ళు కానక్కర్లేదు, టేపు, గ్రాఫ్ పేపరు, ఓపిక ఉంటే చాలు.

పత్తి, పట్టు కలపడం మనకి కొత్తేమీ కాదు. గద్వాల చీరే అందుకు పెద్ద ఉదాహరణ: ఒళ్ళంతా పత్తి, అంచులూ కొంగూ పట్టు. అంచు పేకనీ (పేక అంటే అడ్డంగా నడిచే నూలు) ఒంటి పేకనీ ఒకదానిలో ఒకటి మెలేసి కలిపే కుప్పడం పద్ధతి ఉండబట్టే ఆ రెండూ వేరు గుడ్డలైనా ఒకే చీరగా నిలుస్తాయి. గద్వాలలో ఆ తేడా చీర వెడల్పులో కనిపిస్తుంది, మనం దాన్ని పొడవులోకి తెస్తున్నాం, అంతే.

ముందు తాళం తేల్చుకోండి

కూచిపూడి నట్టువాంగం (నాట్యానికి తాళం వేస్తూ జతులు చెప్పడం) రికార్డింగ్ ఏదైనా పెట్టుకుని చేత్తో తాళం వేస్తూ వినండి. కాగితం మీద చదివితే ఇది ఎక్కదు, చెయ్యి కదలాలి. చీరకి పనికొచ్చేవి ముఖ్యంగా రెండు.

ఆది తాళం 8 అక్షరాలు (అక్షరం అంటే తాళంలో ఒక లెక్క): లఘువు అనే భాగం ఒకటి (4), ద్రుతం అనే భాగాలు రెండు (2+2). చేత్తో వేస్తే ఒక దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, ఉసి (అరచెయ్యి తిప్పి విసరడం), మళ్ళీ దెబ్బ, ఉసి. మిశ్రచాపు 7 అక్షరాలు, 3+4, నోటితో చెప్తే "తకిట తకధిమి". ఖండచాపు (5) కూడా బాగుంటుంది కానీ చీరలో పట్టీలు మరీ దగ్గర దగ్గరగా వచ్చి గజిబిజి అవుతుంది, మొదటి చీరకి వద్దు.

ఇప్పుడు చేతి కదలికలని నూలుకి అప్పగించండి. నేను అనుసరించే లెక్క ఇది: దెబ్బ పడిన చోట పట్టు, వేళ్ళు లెక్కపెట్టే చోట మామూలు పత్తి, ఉసి దగ్గర చాలా సన్నటి పత్తి, అంటే వెలుతురు దూరే పల్చటి పట్టీ. దెబ్బకి మెరుపు, ఉసికి ఖాళీ. ఈ వరసలో ఆది తాళం ఒక ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు) నేస్తే పట్టు, మూడింతల పత్తి, పట్టు, పల్చన, పట్టు, పల్చన అని వస్తుంది. చూడండి, ముందు సగం నిదానంగా, రెండో సగం చురుగ్గా ఉంది. సమానమైన చారలు గీసుకుంటే ఈ కదలిక ఎప్పటికీ రాదు. మిశ్రచాపుకి ఉసి అక్కర్లేదు. "తకిట"లో "త"కి పట్టు, "కిట"కి పత్తి, "తకధిమి"లో "త"కి పట్టు, మిగతా మూడింటికీ పత్తి.

అక్షరానికి ఎన్ని అంగుళాలు?

అసలు పని ఇక్కడ ఉంది, దీని మీద ఎంత సమయం పెట్టినా తక్కువే.

చీర 5.5 మీటర్లు అనుకుందాం, రవికె గుడ్డ కాకుండా. అంటే సుమారు 216 అంగుళాలు. ఇందులో కొంగుకి 35 తీసేస్తే 181 మిగులుతుంది. లోపల దోపుకుని మొదటి చుట్టులో దాగిపోయే భాగం 40 అంగుళాలు ఖాళీగా వదిలేయండి, అక్కడ పట్టు పెట్టడం డబ్బు వృథా. మిగిలింది 140 అంగుళాలు, ఒకటి అటూ ఇటూ.

ఇక కుచ్చిళ్ళు. ఒక్కో కుచ్చి 5 అంగుళాల వెడల్పు పెట్టుకుంటే ముందువైపు 5, వెనకవైపు 5, మొత్తం 10 అంగుళాల బట్ట తింటుంది. పేకలో వచ్చే పట్టీలు కుచ్చిళ్ళలో నిలువుగా నిలబడతాయి కాబట్టి మీ ఆవర్తనం ఎంత పొడవు అన్నది ఈ 10 అంగుళాలతో నేరుగా ముడిపడి ఉంటుంది. చాలామంది డిజైన్ బల్ల మీద పరిచి చూసి మురిసిపోతారు, కట్టుకున్నాక చూస్తే అనుకున్నది ఒక్కటీ కనపడదు. కారణం ఇదే.

అక్షరానికి ఒకటింపావు అంగుళం (1.25) పెట్టి చూడండి. ఆది తాళం ఆవర్తనం సరిగ్గా 10 అంగుళాలు అవుతుంది. అంటే ప్రతి కుచ్చి ముఖం మీదా లఘువే వస్తుంది, రెండు ద్రుతాలూ మడత లోపలికి వెళ్తాయి. నిలబడి ఉన్నంతసేపూ చీర నెమ్మదిగా, పత్తిగా కనిపిస్తుంది, అడుగు వేస్తే కుచ్చిళ్ళు విచ్చుకుని లోపలి పట్టు, పల్చటి పట్టీలు బయటపడతాయి. కూచిపూడి ఆహార్యంలో కాళ్ళ మధ్య కుట్టే విసనకర్ర మడత అరమండిలో (మోకాళ్ళు వంచి నిలిచే భంగిమలో) విచ్చుకున్నప్పుడు జరిగేది కూడా ఇదే. నాకు ఈ అమరిక ఎంత ఇష్టమో చెప్పలేను.

మిశ్రచాపుకి అదే 1.25 పెడితే ఆవర్తనం 8.75 అంగుళాలు. కుచ్చి తినేది 10. కాబట్టి ప్రతి కుచ్చికీ తాళం ఒక్క అక్షరం ముందుకి జరుగుతుంది, ఏడు కుచ్చిళ్ళు పెడితే ఏడూ ఏడు వేరే అక్షరాల దగ్గర మొదలవుతాయి, ఏడో కుచ్చి ముగిసేసరికి (70 అంగుళాలు) సరిగ్గా 8 ఆవర్తనాలు పూర్తయి మళ్ళీ సమానికి (తాళం మొదలయ్యే చోటికి) వస్తారు. ఏ రెండు కుచ్చిళ్ళూ ఒకలా ఉండవు, అయినా లెక్క ఎక్కడా తప్పదు. పైగా 140 అంగుళాల్లో ఆది తాళమైతే 14 ఆవర్తనాలు, మిశ్రచాపైతే 16, రెండూ ముక్క మిగలకుండా సరిపోతాయి.

కట్టుకునే మనిషి కుచ్చి నాలుగున్నర పెడితే? అప్పుడు 1.25 బదులు 1.125 పెట్టి అన్నీ మళ్ళీ లెక్క వేసుకోండి. ఎవరి కోసమో తెలిసిన చీరైతే వాళ్ళ కుచ్చి వెడల్పు టేపుతో కొలవండి. ఎవరు కట్టుకుంటారో తెలియకపోతే మాత్రం మిశ్రచాపే నయం, కొలత కొంచెం అటూ ఇటూ అయినా దాని అందం చెడదు. ఆది తాళం చీర కుచ్చిళ్ళు పెట్టేటప్పుడు లఘువు మొదట్లో ఉన్న పట్టు పట్టీ అంచున మొదటి మడత పట్టుకోవాలి, లేకపోతే లోపలిది బయటికి వస్తుంది. చీర ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పి ఇవ్వండి.

కొంగు

కొంగులో పట్టీలు అడ్డంగా వేలాడతాయి, చూసేవాళ్ళకి మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ ముక్తాయింపు ఉండాలి.

మిశ్రచాపు చీరకి గోపుచ్ఛయతి వాడండి, అంటే ఆవు తోకలా పోనుపోను సన్నబడే వరస. 7, 6, 5, 4, 3, 2, 1. కలిపితే 28 అక్షరాలు, అంటే మిశ్రచాపు 4 ఆవర్తనాలు, అక్షరానికి 1.25 చొప్పున సరిగ్గా 35 అంగుళాలు. పట్టు, పత్తి ఒకటి విడిచి ఒకటి: పట్టు 8.75 అంగుళాలు, పత్తి 7.5, పట్టు 6.25, పత్తి 5, పట్టు 3.75, పత్తి 2.5, పట్టు 1.25. వెడల్పు పట్టీ కొంగు చివర, సన్నది భుజం వైపు ఉండాలి. బరువు కిందికి ఉంటే కొంగు తిన్నగా వేలాడుతుంది, భుజం మీద బరువైన పట్టు పడితే జారుతూ ఉంటుంది. (కొంగు చివర నుంచి చదివితే గోపుచ్ఛం, చీర లోపలి నుంచి బయటికి వస్తూ చదివితే స్రోతోవహయతి. ఒకే నేతలో రెండూ ఉన్నాయి.)

ఆది తాళం చీరకి తీర్మానం (నాట్యంలో ముగింపు వరస) పెట్టండి. నాలుగక్షరాల ముక్కని మూడుసార్లు చెప్పి మధ్యలో రెండేసి అక్షరాలు ఆగడం: 4+2+4+2+4, మొత్తం 16, రెండు ఆవర్తనాలు. కాలం ఒకటి పెరిగితే వేగం రెట్టింపు, పొడవు సగం కాబట్టి దీన్ని మొదటి కాలంలో 20 అంగుళాలు, రెండో కాలంలో 10, మూడో కాలంలో 5, మొత్తం 35 అంగుళాల్లో నేయించండి. ముక్క పట్టు, ఆగిన చోటు పత్తి. మూడో కాలంలో పట్టీలు చాలా సన్నగా వస్తాయి, నేతగాడికి నాడెలు మార్చడం ఎక్కువవుతుంది, కానీ కొంగు ఊపు అంతా అక్కడే ఉంటుంది, దాన్ని కుదించొద్దు.

అంచుల్లో తాళం పెట్టొద్దు. అంచు శ్రుతిలా మొదటి నుంచి చివరి దాకా మారకుండా ఉండాలి. అర అంగుళం సన్నటి జరీ అంచు, లేదా ఏమీ లేని రంగు అంచు చాలు.

నూలు ఎంపిక

పడుగు (మగ్గం మీద నిలువుగా సాగే నూలు) ఒకటే ఉంచండి, పేక మాత్రం మార్చండి. పడుగులో కూడా పత్తీ పట్టూ కలిపితే రెండింటి సాగుడు వేరు కాబట్టి బిగువు సరిచేసుకోవడం పెద్ద పని, మొదటి చీరకి ఆ టెన్షన్ పెట్టుకోకండి.

నేను సూచించేది: పడుగు 100 కౌంటు పత్తి, మామూలు పత్తి పేక 60 కౌంటు, ఉసి పట్టీలకి 120 కౌంటు, పట్టు పేక 20/22 డినియర్ మూడు పోగులు పేనినది. పత్తి కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, డినియర్ పెరిగేకొద్దీ లావవుతుంది, ఈ రెండు కొలతలూ ఎదురెదురుగా నడుస్తాయి కాబట్టి పోల్చాలంటే 5315ని కౌంటుతో భాగించండి, డినియర్ వస్తుంది. 60 కౌంటు దాదాపు 89 డినియర్, 100 కౌంటు 53, 120 కౌంటు 44. మూడు పోగుల పట్టు సుమారు 63. పట్టు రెండు పోగులే వేస్తే సాదా నేతలో పడుగు పత్తి దాన్ని కప్పేసి మెరుపు చంపేస్తుంది. సాదా నేతలో పడుగు ఎప్పుడూ సగం కనిపిస్తూనే ఉంటుంది, అందుకే పట్టు పేక పడుగు కంటే లావుగా ఉండాలి.

రంగుల విషయంలో నా మాట వింటే, రంగు తేడా తక్కువ పెట్టండి. పత్తి పడుగూ పేకా ఒకే రంగు, పట్టు అదే కుటుంబంలో ఒక మెట్టు ముదురు. పసుపు మీద ఎరుపు, తెలుపు మీద నలుపు పెడితే కన్ను రంగు దగ్గరే ఆగిపోతుంది, గుడ్డల మధ్య తేడా ఎవరికీ కనపడదు. మెరుపుకీ మెరవనిదానికీ ఉన్న తేడాయే ఈ చీర ప్రాణం.

అద్దకం వేరువేరుగా చేయించాలి. పత్తికి రియాక్టివ్ లేదా వ్యాట్ రంగులు, పట్టుకి యాసిడ్ రంగులు. రియాక్టివ్ రంగు పట్టాలంటే సోడా లాంటి క్షారం కావాలి, వేడి క్షారం పట్టుని పాడుచేస్తుంది. కాబట్టి "రెండూ ఒకే తొట్టిలో వేసేద్దాం" అంటే ఒప్పుకోకండి. నూలు వచ్చాక ప్రతి రంగు నుంచి కొన్ని పోగులు తీసి, తెల్ల గుడ్డలో చుట్టి, సబ్బు నీళ్ళలో నానబెట్టి పిండి చూడండి. పట్టు నుంచి రంగు దిగితే పక్కనున్న పత్తి మొత్తం తాగేస్తుంది, నేసిన తర్వాత దానికి మందు లేదు. పత్తి నూలుని చిలపలుగానే (నేయకముందు చుట్టలుగా ఉన్నప్పుడే) ఒకసారి వేడినీళ్ళలో తడిపి ఆరబెట్టించండి. తర్వాత ఉతికినప్పుడు పత్తి పట్టీలు కుంచించుకుపోయి చీర అంచు అలలు అలలుగా లేవకుండా ఇది చాలావరకు ఆపుతుంది.

అంగుళాలని పోగులుగా మార్చండి

నేతగాడికి 1.25 అంగుళాలు అని చెప్తే ప్రతిసారీ కొలుస్తూ కూర్చోవాలి. పోగుల్లో చెప్పాలి. కానీ ఇక్కడ ఒక చిక్కుంది: సన్నటి పట్టు అంగుళంలో ఎక్కువ పోగులు పడుతుంది, లావు పత్తి తక్కువ. రెండింటికీ ఒకే సంఖ్య ఇస్తే పత్తి పట్టీలు వెడల్పై తాళం చెడిపోతుంది. ముందు చిన్న నమూనా నేయించి, మగ్గం మీద బిగువు వదిలాక, ఒక్కో నూలు అంగుళానికి ఎన్ని పేక పోగులు పడిందో భూతద్దంతో లెక్కపెట్టండి.

ఉదాహరణకి పట్టు అంగుళానికి 72, పత్తి 56 వచ్చింది అనుకోండి. అప్పుడు ఒక అక్షరం పట్టు 90 పోగులు, పత్తి 70. ఉసి పట్టీకి 120 కౌంటుని కూడా 56 దగ్గరే ఉంచండి, నూలు సన్నం కాబట్టి దానంతట అదే పల్చగా వస్తుంది. అంతకంటే తగ్గిస్తే పోగులు జారి ఒక పక్కకి చేరతాయి. ఆది తాళం ఆవర్తనం ఇలా అవుతుంది: పట్టు 90, పత్తి 210, పట్టు 90, పల్చన 70, పట్టు 90, పల్చన 70. మిశ్రచాపు: పట్టు 90, పత్తి 140, పట్టు 90, పత్తి 210.

అన్నీ సరి సంఖ్యలే అని గమనించారా? అలాగే ఉండాలి. పోగులు సరి సంఖ్యలో ఉంటేనే నాడె బయల్దేరిన వైపుకే తిరిగి వస్తుంది, మార్చుకోవాల్సిన నాడెలన్నీ ఒకే పక్క ఉంటాయి. కొంగు తీర్మానంలో మూడో కాలంలో ఆగిన చోటు పత్తి 35 వస్తుంది, దాన్ని 36 చేసేయండి. కంటికి తెలియదు.

నేతగాడితో మాట్లాడేటప్పుడు

దట్టమైన మంచి పత్తి నేత కావాలంటే మంగళగిరి, సన్నటి పల్చటి నేతలో వెంకటగిరి, పత్తీ పట్టూ రెండూ చేతికి అలవాటైనవాళ్ళు కావాలంటే గద్వాల. మీరు నమూనా గుడ్డ పట్టుకెళ్ళండి. అంతకంటే ముందు ఇంట్లో ఒక పాత సాదా చీర మీద రంగు కాగితం పట్టీలు అదే కొలతలకి పిన్నులతో గుచ్చి, కట్టుకుని, ఫోటోలు తీసి అవి కూడా చూపించండి. గ్రాఫ్ కంటే అది వెయ్యి రెట్లు తొందరగా అర్థమవుతుంది.

పడుగు ఒక్క చీరకి వేయరు, ఒక పడుగు మీద కొన్ని చీరలు నేస్తారు. ఇది మీకు మంచిదే. పడుగు మారదు, పేకే మారుతుంది కాబట్టి అదే పడుగు మీద ఒక చీర ఆది తాళంలో, ఇంకోటి మిశ్రచాపులో నేయించుకోవచ్చు. నలుగురు స్నేహితులు కలిసి పడుగు పంచుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

కూలి గురించి ముందే, స్పష్టంగా మాట్లాడండి. సాదా చీరలో నాడె ఆగకుండా నడుస్తుంది. ఇక్కడ ఆది తాళంలో ఆవర్తనానికి ఆరుసార్లు చొప్పున 14 ఆవర్తనాలకి 84 సార్లు నాడె మార్చాలి, కొంగు కాకుండా. మిశ్రచాపుకి 64. మార్చిన ప్రతిసారీ పోగు చివర లోపలికి మడిచి దోపాలి, బిగువు చూసుకోవాలి. సాదా చీర కూలి ఇచ్చి ఈ పని చేయించుకోవడం అన్యాయం. చీరకి ఇంత అని బేరమాడకుండా, రోజుకి ఎంత వస్తే వాళ్ళకి గిట్టుబాటో అడిగి, నమూనా నేసినప్పుడు పట్టిన సమయాన్ని బట్టి లెక్క కట్టండి. నూలు, అద్దకం ఖర్చు ముందే ఇచ్చేయండి. ఇంకో మాట, ఆ ఇంట్లో సాయం పట్టి కండెలు చుట్టేవాళ్ళ పని కూడా మూడు రకాల నూలు వల్ల పెరుగుతుంది, అది కూడా ఆ లెక్కలోకి రావాలి.

నేస్తున్నప్పుడు

ఒక ఆవర్తనం పొడవున్న కాగితం పట్టీ మీద పట్టు, పత్తి, పల్చన గుర్తులు, పోగుల సంఖ్యలు రాసి ఇవ్వండి. దాన్ని నేసిన అంచుకి పిన్ను పెట్టుకుని ముందుకి జరుపుకుంటూ పోతారు. ప్రతి ఆవర్తనం చివరా కొలత సరిచూడమనండి. ఒక్కో ఆవర్తనంలో పావు అంగుళం పెరిగినా 14 ఆవర్తనాలకి మూడున్నర అంగుళాలు అవుతుంది, కుచ్చిళ్ళ లెక్క మొత్తం పక్కకి పోతుంది. తేడా కనిపిస్తే పట్టులో తగ్గించొద్దు, పత్తి పట్టీలో ఆ తేడాకి సరిపడా పోగులు, సరి సంఖ్యలో, తగ్గిస్తే సరిపోతుంది, వెడల్పు పట్టీలో అది కనపడదు.

పట్టు నాడెకీ పత్తి నాడెకీ లాగుడు వేరు. పట్టు జారుడు కాబట్టి అంచు దగ్గర లోపలికి లాగేస్తుంది, చీర పట్టు పట్టీల దగ్గర సన్నబడి నడుం నొక్కినట్టు అవుతుంది. మొదటి రెండు ఆవర్తనాలు నేశాక వెడల్పు నాలుగు చోట్ల కొలిచి చూడమనండి. ఆ నాలుగు కొలతల మధ్య పావు అంగుళం దాకా తేడా ఫర్వాలేదు, అంతకు మించితే పట్టు నాడె బిగువు తగ్గించాలి.

మగ్గం నుంచి దింపాక రెండు రోజులు మడత పెట్టకుండా వదులుగా చుట్టి ఉంచండి, నూలు సర్దుకుంటుంది. ఆ తర్వాతే ఫాల్ కుట్టించండి. ఫాల్ గుడ్డ కూడా ముందు తడిపి ఆరబెట్టినదే వాడాలి. మొదటిసారి డ్రై క్లీనింగ్‌కి ఇచ్చి, తర్వాత కావాలంటే చల్లటి నీళ్ళలో, మెత్తటి సబ్బుతో, విడిగా ఉతుక్కోవచ్చు. పిండకూడదు. ఇస్త్రీ పట్టు వేడి మీదే పెట్టి, పత్తి పట్టీలు కొంచెం తడి ఉండగా చేస్తే రెండూ సాపుగా వస్తాయి. బీరువాలో పెట్టేటప్పుడు మడత పట్టు పట్టీ మధ్యలో పడకుండా పత్తి మీద పడేలా చూసుకోండి, మూడు నెలలకోసారి మడత మార్చండి.